కేసు గెలిచావు తమ్ముడూ, మరి గెలిచినట్టు ఎందుకు లేదు?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్ అక్కా. మాది నంద్యాల దగ్గర పల్లె, పేరు వద్దు. మా నాయన పోయి పదకొండేండ్లయింది, అమ్మ అంతకుముందే పోయింది. నాయన ఐదెకరాలు ఇడిసిపెట్టి పోయినాడు. ఇద్దరం అన్నదమ్ములం, ఒక చెల్లెలు. చెల్లెలు మొదట్లోనే సంతకం పెట్టేసింది కాబట్టి ఆమెతో గొడవేం లేదు. అన్న పెద్దోడినని చెప్పి బోరు ఉండే పక్క మూడెకరాలు పెట్టుకొని నాకు రెండే ఇచ్చినాడు. తొమ్మిదేండ్లు కోర్టు చుట్టూ తిరిగినా, బర్రెలు అమ్ముకున్నా. ఈ ఏడు తీర్పు నాకే వచ్చింది, బోరుతో సహా అరెకరం నాకు కలిసింది. ఊర్లో అందరూ గెలిచినావు అన్నారు. బక్రీదు నమాజుకు ఈద్గాకు పోతే అన్న నా ముందు సఫ్‌లోనే (వరసలోనే) ఉన్నాడు. నమాజు అయినాక అందరూ ముబారక్ చెప్పుకుంటా కౌగిలించుకుంటుంటే ఆయన చెప్పులు చేతబట్టుకొని పక్క సందులో నుంచి ఎల్లిపోయినాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. నేను గెలిచింది న్యాయంగానే కదా? మన దీన్‌లో (మతంలో) నిజమైన గెలుపు అంటే ఏంది అక్కా?

జవాబు: వ అలైకుముస్సలామ్ తమ్ముడూ. అక్కా అని రాశావు కాబట్టి నేను కూడా నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఆ ఈద్గా దగ్గరే ఆగిపోయాను, మీ అన్న చెప్పులు చేత్తో పట్టుకుని సందులోకి తిరిగిపోవడం నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది, కళ్ళు తడిశాయి కూడా. మూడోసారి చదివినప్పుడు మాత్రం ఇంకో చోట ఆగాను, అది నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన వాక్యం. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు ఒక మాట, నువ్వు కోర్టుకి వెళ్ళడం తప్పు కాదు. తన హక్కు తాను అడగడం మన దీన్‌లో పాపం కాదు, మూడెకరాలు నావి నోరు మూసుకో అంటే నోరు మూసుకోవాలని ఎక్కడా లేదు. కాబట్టి అన్నని బాధపెట్టేశాను, నేను చెడ్డవాణ్ణి అని కుమిలిపోకు. నీ మనసుకి నెమ్మది లేకపోవడానికి కారణం అది కాదేమో అని నా అనుమానం.

గెలుపు గురించి అడిగావు కాబట్టి హుదైబియా సంగతి చెప్పకుండా ఉండలేను. శుక్రవారం జుమా ఖుత్బా ప్రసంగాల్లో వినే ఉంటావు, కానీ నిదానంగా ఒకసారి మళ్ళీ విను. హిజ్రీ 6వ సంవత్సరం, అంటే క్రీ.శ. 628. ప్రవక్త (స) సుమారు 1400 మందితో ఉమ్రా (కాబా యాత్ర) చేద్దామని మదీనా నుంచి బయల్దేరారు, యుద్ధానికి కాదు, ఇహ్రామ్ (యాత్ర దుస్తులు) కట్టుకుని ఖుర్బానీ ఒంటెల్ని తోలుకుని వెళ్తున్నారు. వాళ్ళల్లో మక్కా వాళ్ళు సొంతూరు వదిలి ఆరేళ్ళు, కాబాని కళ్ళారా చూసి ఆరేళ్ళు. మక్కా ఇంకాస్త దూరంలో ఉందనగా హుదైబియా దగ్గర ఆగాల్సి వచ్చింది, మక్కాని ఏలే ఖురైషీ తెగవాళ్ళు లోపలికి రానిచ్చేది లేదన్నారు. మాటలు నడిచాయి, వాళ్ళ తరఫున సుహైల్ బిన్ అమ్ర్ వచ్చాడు, ఒప్పందం రాయడానికి ప్రవక్త (స) అల్లుడు అలీ (రజి) కూర్చున్నారు. అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్ అని రాస్తే సుహైల్ ఒప్పుకోలేదు, నువ్వు ప్రవక్తవని మేం నమ్మితే నిన్ను ఆపేవాళ్ళమే కాదు కదా, నీ పేరు మీ నాయన పేరు రాయించు అన్నాడు. అలీకి (రజి) ఆ మాట చెరపడానికి చెయ్యి రాలేదు. అప్పుడు ప్రవక్త (స) అది ఎక్కడుందో చూపించమని అడిగి స్వయంగా తన చేత్తో చెరిపేశారు.

ఇక షరతులు చూడు. ఈ ఏడాది వెనక్కి వెళ్ళిపోవాలి, వచ్చే ఏడాది వచ్చి మూడు రోజులుండి పోవాలి. పదేళ్ళు యుద్ధం వద్దు. మక్కా నుంచి ఎవరైనా ముస్లిమై మదీనాకి పారిపోతే తిరిగి అప్పగించాలి, మదీనా నుంచి ఎవరైనా మక్కాకి వస్తే మాత్రం ఖురైషీలు అప్పగించరు. ఇది ఇంకా రాస్తూ ఉండగానే ఆ సుహైల్ సొంత కొడుకు అబూ జందల్ (రజి) కాళ్ళకి సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి ముస్లిముల మధ్య పడ్డాడు, నన్ను తీసుకుపొండి అని. ప్రవక్త (స) ఇతణ్ణి నాకు వదిలెయ్యమని అడిగారు, సుహైల్ వినలేదు. కొడుకుని వెనక్కి పంపాల్సి వచ్చింది. ప్రవక్త (స) సహచరుడు ఉమర్ (రజి) ఉండబట్టలేక అడిగేశారు, మనం సత్యం మీద లేమా, మరి ఎందుకింత తగ్గాలి అని. ఆ రోజు ఆ 1400 మందిలో చాలామందిని అడిగితే మనం ఓడిపోయాం అనే చెప్పేవాళ్ళు తమ్ముడూ. ఎంత బాధలో ఉన్నారంటే, లేచి ఖుర్బానీ ఇచ్చి తలలు గొరిగించుకోండి అని ప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా ఒక్కరూ లేవలేదు.

ఆయన గుడారంలోకి వెళ్ళి భార్య ఉమ్ము సలమాకి (రజి) చెప్పుకున్నారు. ఆవిడ ఇచ్చిన సలహా ఏంటంటే, మీరు బయటికెళ్ళి ఎవరితో ఏమీ మాట్లాడకండి, మీ ఒంటెని మీరు ఖుర్బానీ చేసి మీ తల మీరు గొరిగించుకోండి అని. ఆయన అలాగే చేశారు, చూసి అందరూ లేచారు. ఉమ్ము సలమా (రజి) పేరు గుర్తు పెట్టుకో, మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తాం.

తిరుగు దారిలో ఖుర్ఆన్‌లోని ఫతహ్ సూరా (అధ్యాయం) దిగింది, మొదటి మాటే మేము నీకు స్పష్టమైన విజయం ఇచ్చాము అని. ఉమర్ (రజి) ఆశ్చర్యపోయి అడిగారు, ఇది విజయమా అని. అవును అన్నారు ప్రవక్త (స). ఫతహ్ అంటే అసలు తెరుచుకోవడం, మన ఫాతిహా సూరా పేరు కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. కత్తులు లోపల పెట్టాక జనం ఒకళ్ళ దగ్గరికొకళ్ళు వెళ్ళి కూర్చుని మాట్లాడుకోగలిగారు, అలా తలుపు తెరుచుకుంది. ఆ సంధిని తర్వాత ఖురైష్ పక్షం వాళ్ళే తెంపారు, హిజ్రీ 8లో ప్రవక్త (స) మక్కా వైపు కదిలినప్పుడు వెంట ఉన్నది 10,000 మంది. రెండేళ్ళలో 1400 ఎక్కడ, 10,000 ఎక్కడ.

అయితే అన్నకి అరెకరం తిరిగిచ్చేసి సంధి చేసుకోమంటుంది అక్క అని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. కాదు. నేను చెప్పేది అది కాదు.

నువ్వు రైతువి కదా, అజాన్‌లో రోజూ ఐదు పూటలా వినే మాట ఉంది, హయ్య అలల్ ఫలాహ్, సాఫల్యం వైపు రండి అని. ఆ ఫలాహ్ అనే మాట నేలని చీల్చి దున్నడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, అరబ్బీలో రైతుని ఫల్లాహ్ అంటారు. ఇది తెలిసిన రోజున నాకు ఒళ్ళు జలదరించింది. విత్తనం వేసి నెలల తరబడి కాచుకుని పంట చేతికి తెచ్చుకునేవాడు అనమాట. అలాంటిదే ఇంకో మాట ఫౌజ్, గట్టెక్కడం, గెలవడం. ఖుర్ఆన్‌లో గొప్ప విజయం అని, అల్ ఫౌజుల్ అజీమ్ అని చాలా చోట్ల వస్తుంది. ఎక్కువగా స్వర్గం మాట వచ్చిన చోటే వస్తుంది, అల్లాహ్ ప్రసన్నత, క్షమాపణ గురించిన చోట వస్తుంది. అందులో ఒక చోటు ఎక్కడుందో తెలిస్తే నీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే.

నిసా సూరా తియ్యి. 11, 12 ఆయతులు (వాక్యాలు) చదువు. అవి ఆస్తి పంపకం ఆయతులు. కొడుక్కి ఎంత, కూతురికి ఎంత, తల్లికి ఎంత, భార్యకి ఎంత, లెక్క అంకెలతో సహా, అదీ అప్పులు తీర్చి వీలునామా ఉంటే దాన్ని అమలు చేశాక మిగిలిన దాంట్లో. తర్వాత 13వ ఆయతు చూడు, ఇవి అల్లాహ్ గీసిన హద్దులు, అల్లాహ్ మాట ఆయన ప్రవక్త మాట విన్నవాళ్ళకి స్వర్గవనాలు, అదే గొప్ప విజయం అని. బద్ర్ యుద్ధం గురించి కాదు, మక్కా గెలుపు గురించి కాదు తమ్ముడూ, నాయన వదిలేసి పోయిన పొలం పంచుకునే లెక్క పూర్తయిన వెంటనే గొప్ప విజయం అన్నాడు అల్లాహ్. ఆ తర్వాతి 14వ ఆయతు ఆ హద్దులు దాటినవాళ్ళ గురించి, అది నువ్వే చదువుకో.

ఇప్పుడు ఆ లెక్క నీ పొలానికి వేద్దాం. అమ్మ ముందే పోయింది అన్నావు. వారసులు ఇద్దరు కొడుకులు ఒక కూతురు అయితే, కొడుక్కి రెండు భాగాలు కూతురికి ఒక భాగం, మొత్తం ఐదు భాగాలు. పొలం ఐదెకరాలు. అంటే మీ అన్నకి రెండు, నీకు రెండు, చెల్లెలికి ఒకటి. మొదటి రోజు మీ అన్న నీకు రెండెకరాలు ఇచ్చాడు. అంటే నీ వాటా నీకు ఆ రోజే వచ్చేసింది. మీ అన్న దగ్గర అదనంగా ఉన్న ఎకరం నీది కాదు, ఆయనదీ కాదు. ఇద్దరూ తొమ్మిదేళ్ళు కొట్లాడుకుని చివరికి చెరో అరెకరం పంచుకున్నది చెల్లెలి ఎకరాన్ని. ఆమెతో గొడవేం లేదు అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసిన చెల్లెలిది.

సంతకం పెట్టింది కదా అంటావు. ఆ సంతకం గురించి నాకు కొంచెం తెలుసు, ఎందుకంటే నేను కూడా పెట్టాను. మా అబ్బా పోయిన నలభై రోజులకి అన్నయ్యలు ఇద్దరూ కాగితాలు రాయించి తెచ్చారు, నన్ను ఆటోలో రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళారు. బల్ల మీద కూర్చోబెట్టి మా పెద్దన్నయ్య బాదం పాలు తెచ్చి ఇచ్చాడు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు, నా చున్నీ జారితే సరిచేశాడు. లోపల రిజిస్ట్రార్ గారు అమ్మా ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అని అడిగితే నేను నవ్వుతూ అవునండి అన్నాను. అబద్ధం చెప్తున్నానని నాకు కూడా తెలీదు. ఇంటికొచ్చి పిండి కలుపుతుంటే బొటనవేలి సందుల్లో ఇంకు ఇంకా పోలేదు, సబ్బుతో రుద్దాను, మళ్ళీ రుద్దాను, ఆ పూట రొట్టెలు ఎడమ చేత్తోనే తిప్పాను ఎందుకో. మా అన్నయ్యలు మంచివాళ్ళే, నన్ను ఈ రోజుకీ ప్రాణంగా చూసుకుంటారు. కానీ ఆడపిల్ల ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పొలం గురించి ఆలోచించదు తమ్ముడూ, పుట్టింటి గడప గురించి ఆలోచిస్తుంది. వాటా అడిగితే ఆ గడప మూసుకుపోతుందని, రంజాన్‌కి చీర పట్టుకుని ఎవరూ రారని, మొగుడుతో గొడవైన రోజున వెళ్ళడానికి చోటుండదని. ఎకరం కంటే అది పెద్దదిగా కనిపిస్తుంది, అందుకని రాసిచ్చేస్తుంది. ఒక్కరంటే ఒక్కరు, ఎవరూ లేనప్పుడు నా పక్కన కూర్చుని, నీకిది నిజంగా ఇష్టమేనా అని అడిగి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో. అడగలేదు అంతే.

పెళ్ళికి కట్నం ఇచ్చాం కదా అదే వాటా అనే మాట కూడా మన ఇళ్ళల్లో బాగా నడుస్తుంది. నాయన బతికుండగా కూతురికి పెట్టింది ఆయన పెట్టుకున్నాడు, ఆయన పోయాక వచ్చే వాటా వేరు, ఇందులో అది కొట్టేయడం కుదరదు. మనసారా ఇవ్వనిదే ఒకరి సొమ్ము ఇంకొకరికి హలాల్ కాదని ప్రవక్త (స) చెప్పారు, మనసారా అన్నారు, స్టాంపు కాగితం మీద అనలేదు.

ఇప్పుడు ఉమ్ము సలమా (రజి) దగ్గరికి. ఆవిడే చెప్పిన హదీసు (ప్రవక్త మాటల కథనం) ఇది, అబూ దావూద్ అనే హదీసు గ్రంథంలో ఉంది. ఇద్దరు మనుషులు వారసత్వం గొడవతో ప్రవక్త (స) దగ్గరికి వచ్చారు, పాత ఆస్తి, ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు, నాది అంటే నాది. ఆయన ఏమన్నారంటే, నేనూ మనిషినే, మీలో ఒకరు వాదన బాగా వినిపించొచ్చు, విన్నదాన్ని బట్టి నేను తీర్పు చెప్తాను, అలా ఎవరికైనా అన్నదమ్ముడి హక్కులోది నేను ఇచ్చేస్తే తీసుకోకండి, నేను అతనికి కోసి ఇస్తున్నది నిప్పు ముక్క అని. సాక్షాత్తు ప్రవక్త (స) ఇచ్చిన తీర్పు కూడా మనది కానిదాన్ని మనది చెయ్యలేదంటే, ఇక మన కోర్టు తీర్పు సంగతి చెప్పాలా. జడ్జి గారి తప్పేం లేదు, ఆయన ముందు ఉన్న కాగితాలు ఆయన చూశారు. ఆ ఇద్దరూ ఏడ్చేశారట తమ్ముడూ, నా హక్కు నీకే అని ఒకరంటే, కాదు నీకే అని ఇంకొకరు. అప్పుడు కూడా ప్రవక్త (స) సరే పొండి అనలేదు, ఇంతదాకా వచ్చారు కాబట్టి న్యాయం చూసుకుని పంచుకోండి, చీటీలు వేసుకోండి, ఒకరికొకరు హలాల్ చేసుకోండి, అంటే మాఫీ చేసుకోండి అన్నారు. ఏడవడంతో అయిపోదు, కొలిచి పంచాల్సిందే.

జానెడు నేల అన్యాయంగా తీసుకున్నా ఏడు భూములు మెడకి చుడతారనే హదీసు నీకు తెలిసే ఉంటుంది, నమాజులు రోజాలు (ఉపవాసాలు) మోసుకొచ్చి కూడా అందరి హక్కులూ తిని ఉండటం వల్ల పుణ్యాలన్నీ వాళ్ళకి పంచేసి చివరికి దివాలా తీసేవాడి హదీసు కూడా. నిన్ను భయపెట్టడానికి అనట్లేదు. నీకు అన్నం సయించకపోవడం నాకు మంచి గుర్తుగానే కనిపిస్తోంది, గెలిచాను అనుకుని హాయిగా నిద్రపోయి ఉంటే నాకు ఉత్తరం రాసేవాడివే కాదు.

ఇంక ఏం చెయ్యాలంటే, ముందు అన్న దగ్గరికి కాదు, చెల్లెలి దగ్గరికి వెళ్ళు. భార్యాపిల్లల్ని, ఊరి పెద్దల్ని వెంటేసుకుని వెళ్ళకు, ఒక్కడివే వెళ్ళు, బావగారు పొలానికో పనికో వెళ్ళిన టైములో వెళ్ళు. ముందు రోజు ఫోన్ చెయ్యి, లేకపోతే ఇంకేదో సంతకానికి వచ్చాడని ఆ పిల్ల గుండె ఆగిపోతుంది. నాయన పొలంలో నీది ఎకరం ఉందమ్మా, అందులో అరెకరం నా దగ్గరుంది అని చెప్పు. నీకు కావాలా అని అడగొద్దు, అలా అడిగితే వద్దన్నయ్యా అనే అంటుంది, మేమందరం అలాగే అంటాం. నీది అని చెప్పు. రాసిచ్చిన కాగితం ఉన్నా సరే ఆమె పేరు మీద మళ్ళీ రిజిస్టర్ చేయించి స్వాధీనం చేసెయ్యి, ఆ తర్వాత ఎవరి బలవంతం లేకుండా ఆమే తిరిగి ఇస్తే అప్పుడు మాట వేరు, ఉలమాలు (మత పండితులు) చాలామంది చెప్పేది ఇదే. నాయనకి అప్పులేమైనా మిగిలాయా, ఇంకా వారసులు ఎవరైనా ఉన్నారా, ఇవన్నీ రాసుకుని దగ్గర్లో ఫత్వా ఇచ్చే ముఫ్తీ సాబ్‌కి చూపించు, నేను వేసిన లెక్క నువ్వు రాసిన నాలుగు ముక్కల మీద వేసింది. రిజిస్ట్రేషన్ ఎలా చెయ్యాలో నీ లాయరే చెప్తాడు.

బోరు ఆ అరెకరంలోనే ఉందంటున్నావు కదా, నీళ్ళ సంగతి కూడా ముందే మాట్లాడుకో, ఆమె వాటాలో బోరు పెట్టి నీ రెండెకరాలకి నీళ్ళు అడుగుతావా, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఇవన్నీ కాగితం మీద పెట్టుకోండి. మొహమాటపడి నోటిమాటగా వదిలేసిన చోటే మళ్ళీ తొమ్మిదేళ్ళ కేసులు పుడతాయి.

మీ అన్న దగ్గరున్న మిగతా అరెకరం ఆయన లెక్క, ఆయన హిసాబు ఆయన ఇచ్చుకుంటాడు, ముందు ఆయన ఇస్తే నేనిస్తాను అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. చెల్లెలి పని అయ్యాకే ఆయన ఇంటికి వెళ్ళు. ప్రవక్త (స) మక్కాలోకి విజేతగా అడుగుపెట్టినప్పుడు ఒంటె మీద తల ఎంతగా వంచారంటే గడ్డం జీనుకి తగిలేంతగా అని సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర) పుస్తకాల్లో రాశారు, ఇరవై ఏళ్ళు తనని బాధపెట్టిన ఊరు అది. నువ్వు కూడా అలాగే వెళ్ళు, తీర్పు మాట ఎత్తకు. అన్నా, నేను కొట్లాడింది చెల్లెలి నేల కోసమని నాకు ఇప్పుడు తెలిసింది, నా దగ్గరిది ఇచ్చేశాను, ఇంతే చెప్పు. కసురుకున్నా కసురుకోనీ, తలుపు తియ్యకపోతే గడప దగ్గర సలాం చెప్పి వచ్చెయ్యి, మళ్ళీ జుమాకి మళ్ళీ వెళ్ళు.

చెల్లెలి అరెకరానికి హద్దు రాళ్ళు పాతే రోజున సర్వేయర్ వస్తాడు కదా, ఆ రోజు మీ అన్నకి కబురు చెయ్యి. వస్తే టేపు ఒక కొస నువ్వు పట్టుకో, రెండో కొస ఆయన చేతికివ్వు, మధ్యలో నిలబడి కొలత చదవడానికి మాత్రం చెల్లెల్ని పిలవండి.